బాలింత గోడవతల స్పీకర్లు

పది నెలలుగా నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఎన్ని ఈమెయిళ్లు పంపినా జూ ఆఫీసు నుంచి వచ్చేది ఒకటే వాక్యం: "మీ శ్రద్ధకు కృతజ్ఞతలు." నేను అడిగింది నా శ్రద్ధ గురించి కాదు, జూలో ఉన్న పార్టీ హాలు గురించి. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

మా జూలో నేను శనివారం వాలంటీరుని. ధ్రువపు ఎలుగుబంటి చూడి కట్టి గుహలోకి వెళ్లాక దాని దగ్గరికి ఎవరూ పోకూడదు. లోపల కెమెరా, మైకు ఉంటాయి. పక్క భవనంలో కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అది ఏం చేస్తోందో ఐదు నిమిషాలకోసారి కాగితం మీద రాయడం మా పని. మొదటిరోజే ఆ గది గుమ్మంలో బూట్లు విప్పేశాను. అలవాటు. ఎలుగుబంటిని చూసుకునే కీపరమ్మాయి నవ్వింది, మరుసటి శనివారం తనూ విప్పింది. నెల తిరిగేసరికి అందరం సాక్సులతోనే నడిచాం.

డిసెంబరు మొదట్లో ఒక్క పిల్ల పుట్టింది. మూరెడైనా లేదు, కళ్లు తెరవలేదు. పాలు తాగుతూ చిన్న మోటారులా గుర్రుమనేది. ఆ చప్పుడు వినబడితే పిల్ల క్షేమం.

గుహ వెనక గోడా, జూ వాళ్లు అద్దెకిచ్చే పార్టీ హాలు వెనక గోడా ఒకటే. పిల్ల పుట్టాక వచ్చిన మొదటి శనివారానికి హాలు బుక్ చేసుకున్నది ఎవరో కాదు, మా తెలుగు సంఘమే. పిల్లల డాన్స్ ప్రోగ్రాం. జూ ఆఫీసులో చెబితే గోడ మందమన్నారు. సరేనని మా సంఘం ప్రెసిడెంటుకి ఫోన్ చేశాను.

"బాబూ, గోడవతల బాలింత ఉంది. స్పీకర్లు పెట్టకండి."

"అయ్యో, ఎవరంకుల్? మనవాళ్లేనా?"

"ఎలుగుబంటి."

అతను నవ్వాడు. పక్కనెవరికో చెప్పి మళ్లీ నవ్వాడు. "పిల్లలు టూ మంత్స్ నుంచి ప్రాక్టీస్ చేస్తున్నారంకుల్. కావాలంటే ఫస్ట్ సాంగ్ మీ బేర్‌కే డెడికేట్ చేద్దాం లెండి."

"మీ ఆవిడ డెలివరీ అయినప్పుడు నేను చూడ్డానికొస్తే మీ అత్తగారు గుమ్మంలోనే ఆపి, గట్టిగా మాట్లాడొద్దన్నారు. గుర్తుందా?"

"అదీ ఇదీ ఒకటేనా అంకుల్!"

ఆ నవ్వు నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

శనివారం మూడూ నలభైకి నా హెడ్‌ఫోన్స్‌లో ధన్ ధన్ మని మొదలైంది. ఎలుగుబంటి లేచి నిలబడింది. పిల్లను నోట కరుచుకుని ఆ మూల నుంచి ఈ మూలకి, మళ్లీ ఆ మూలకి తిరిగింది. చివరికి గడ్డి లేని చల్లటి నేల మీద వదిలేసి గోడవైపే చూస్తూ నిలబడింది. మనిషి లోపలికెళ్తే ఇంకా బెదురుతుందని కీపరమ్మాయి తలుపు దగ్గరే ఆగిపోయింది. నేను వెళ్లి హాల్లో ప్లగ్గు పీకాల్సింది. పీకలేదు. ఐదు నిమిషాలకోసారి టైము రాస్తూ కూర్చున్నాను. నాలుగున్నరకి పాటలు ఆగాయి. గుర్రుమనే చప్పుడు అప్పటికే ఆగిపోయింది.

మొదటి కాన్పులో ఇలా జరగడం మామూలేనని ఆఫీసు వాళ్లు తేల్చేశారు. నేను టైములు రాసిచ్చిన కాగితం వాళ్ల ఫైల్లోనే ఉంది. సంఘం వాట్సాప్ గ్రూపులో పిల్ల చనిపోయిందని రాస్తే ట్రెజరర్ బొటనవేలు బొమ్మ పెట్టాడు. దాని కిందే "సూపర్ ప్రోగ్రాం" అంటూ నలభై ఫొటోలు.

ఆ ఎలుగుబంటి మళ్లీ చూడి కట్టింది. మొన్న గుహలో కొత్త గడ్డి పరిచాం. హాలు క్యాలెండర్‌లో డిసెంబరులో ఒక శనివారం మీద మళ్లీ మా సంఘం పేరే ఉంది.

జూ ఆఫీసు వారూ, సంఘం వారూ, ఇద్దరినీ అడుగుతున్నాను. పిల్ల పుట్టి బయటికొచ్చేదాకా ఆ హాలుకి తాళం వేస్తారా, వెయ్యరా? కృతజ్ఞతలు వద్దు, బొటనవేలు వద్దు. ఎలుగుబంటిని లోపలికి పంపి గుహ తలుపు మూసేలోపు ఔనో కాదో రాసి, కింద సంతకం పెట్టి నాకు ఇవ్వండి.