గడియారానికి బొట్టు

తొంభైల్లో ఢిల్లీలో ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు ఎర్రకోట వెనక సంతలో పాత జేబు గడియారాలు ఏరుకునేవాణ్ణి. వాటిలో ఒకటి నా ప్రాణం. దానికి డయలు ఉండదు. లోపలి ఇత్తడి పలకల్ని లతల్లా చెక్కి, చక్రాలన్నీ బయటికి కనిపించేలా చేశారు. ముందూ వెనకా గాజే. ఇలాంటివాటిని స్కెలిటన్ వాచీలంటారు. దసరాకు మా క్వార్టర్‌కు వచ్చిన అమ్మకు ఆ మాటకు అర్థం చెప్పడం నా బుద్ధి తక్కువ.

"శివ శివా! ఇంట్లో అస్థిపంజరం పెట్టుకున్నావుట్రా?" అంది.

ఆయుధపూజ నాడు కుట్టుమిషనుకీ, కత్తిపీటకీ, స్కూటరుకీ బొట్లు పెట్టింది. కింది ఫ్లాటు ఆంటీ చూసి, "అరే భయ్యా, స్కూటర్ కీ షాదీ హై క్యా?" అని నవ్వింది. స్కూటరుకు పెళ్లేమిటని నేనూ నవ్వుతూ లోపలికొచ్చి పూజ పీట వైపు చూశాను. నా గడియారం కూడా అక్కడే ఉంది, గాజు నిండా కుంకుమతో.

"దాని అశుభం పోవద్దూ?" అంది అమ్మ.

పాత గాజు, అంచులు వదులు. పొడి లోపలికి పోతే ఆ సన్నటి చక్రాలు పట్టేస్తాయి. కానీ పూజలో పెట్టినవాటిని ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదు. అమ్మ ముందు ఆ నియమం మీరే ధైర్యం నాకెక్కడిది?

మర్నాడు పొద్దున ఉద్వాసన చెప్పి, అమ్మే గడియారం తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ముఖం పాలిపోయింది.

"ఆగిపోయిందిరా. లోపల చూడు, నా కుంకుమే!"

నిజంగానే చక్రాల మధ్య ఎర్రటి చుక్కలు. తువ్వాలుతో గాజు తుడిచాను. బయటి కుంకుమ పోయింది గానీ అవి పోలేదు.

"నా చేతులారా పాడుచేశాను గదరా," అంది అమ్మ. గడియారం తీసుకుని కొంగుతో మళ్లీ మళ్లీ తుడవసాగింది. నాలుక చివరిదాకా వచ్చిన కోపం ఆ చేతుల్ని చూసి మింగేశాను.

పొడి ఎంతవరకూ పోయిందో చూద్దామని భూతద్దం తెచ్చాను. అది పొడి కాదు. కెంపులు! ఇరుసులు అరిగిపోకుండా కూర్చే బుల్లి కెంపురాళ్లు. రోజూ చూసేవే. భయంలో వాటినే పోల్చుకోలేకపోయాను. మరి ఆగిందెందుకు? ఆఫీసుకు బయల్దేరేముందు కీ ఇవ్వడం నా అలవాటు. నిన్న సెలవు, పైగా పూజలో ఉందని ఎవరూ ముట్టుకోలేదు.

కీ తిప్పాను. చక్రాలు కదిలాయి. అమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి అక్కడే నేల మీద చతికిలపడ్డాను. నవ్వు ఆగలేదు.

అమ్మ మాత్రం నవ్వలేదు. భూతద్దం నా చేతిలోంచి లాక్కుని ఆ ఎర్రటి చుక్కల్ని చాలాసేపు చూసింది.

"ఇది బొట్టు పెట్టుకునే పుట్టిందిరా. పాడు నోరు, అస్థిపంజరమన్నాను," అని గడియారం వైపు తిరిగి లెంపలేసుకుంది.