మల్లీశ్వరి ఆపుకున్న పోతుబాతు

అందుకే చెప్తున్నా, బాతును కొనేటప్పుడు మీరు చూసేది బరువొక్కటే. రెక్కలు కలిపి పట్టి ఒకదాన్ని ఎత్తుతారు, ఇంకోదాన్ని ఎత్తుతారు, ఏది బరువుంటే అది పట్టుకుపోతారు. మా పక్కింటి మల్లీశ్వరిని ముంచింది ఆ అలవాటే.

తాండూరు దగ్గర మా ఊళ్లో నాపరాయి తీసి వదిలేసిన పాత గుంత ఉంది. వానకు నిండితే ఏడాదంతా నీళ్లుంటాయి. మల్లీశ్వరి, ఆమె భర్త నర్సింహులు అందులో బాతులు పెంచుతారు. బాతులు సరిగా పొదగవని గుడ్లను నాటుకోడి కింద పెడుతుంది. పిల్లలు నీళ్లలో దిగితే ఒడ్డు మీద ఆ కోడి చేసే గోల చూసి పడిపడి నవ్వేది. ఈమధ్య నవ్వడం లేదు.

వికారాబాద్‌లో హోటల్ నడిపే మహిధర్ వీళ్లకున్న పెద్ద గిరాకీ. పోయినసారి బాతులు దించగానే ఒకదాని ఛాతీ నొక్కి చూశాడు.

"అక్కా, గిదేం బాతు? వేలు పెడితే బొక్క తగులుతుంది. మొదట్ల నువ్వు తెచ్చినయి గిట్ల లేకుండె."

"మస్తు మేపుతున్న తమ్మీ. నాకన్న అవే ఎక్కువ తింటున్నయి."

"తిన్నదంత అరుసుడుకే పోతున్నట్టుంది. మళ్లచ్చేటియి గూడ గిట్లనే ఉంటె తేకు."

ఆమె నూకలు పెంచింది, కందిపొట్టు కలిపింది. చర్మం కింద కొవ్వు పేరుకుంది తప్ప ఛాతీకి కండ పట్టలేదు. విసిగిపోయి ఒక బాతును చంకలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయింది. అక్కడి డాక్టర్ నీలిమ మందు రాయలేదు.

"పిల్లలు తీసేటందుకు ఏ బాతుల్ని ఉంచుతున్నవమ్మా?"

"అమ్మంగ మిగిలినయి, మేడం."

"అంటే బక్కయి. ఛాతీకి కండ ఎంత పడుతదనేది చానా మటుకు తల్లిదండ్రుల నుంచే వస్తది. అన్ని బాతుల పుట్టుక ఒక్క తీరుగ ఉండదు. కండ ఉన్నయన్నీ అమ్మితివి, బక్కవాటికి పిల్లలు తీస్తివి. ఇగ మేత ఏం చేస్తది? మంచి పోతునొకటి ఆపుకో. దాని పిల్లలల్ల గట్టివి మళ్ల ఆపుకో."

కంది విత్తనానికి మంచి గింజ ఏరి దాచే మల్లీశ్వరికి బాతుల దగ్గర ఆ సంగతి తట్టనే లేదు. తన మీద తనకే కోపం వచ్చింది. ఇంటికొచ్చి మందంతా వెతికితే ఒక్కటి దొరికింది. తోక ఈకలు మెలి తిరిగిన పోతు, వెడల్పాటి ఛాతీ. దీన్ని అమ్మొద్దని భర్తకు చెప్పి, వేరే గంప కింద మూసింది. మర్నాడు నూకల కోసం పరిగి పోయింది. తిరిగొచ్చేసరికి గంప కింద ఏమీ లేదు.

"ఏమయ్యా, పోతేది?"

"మహిధర్ వచ్చి తీస్కపోయిండు."

"అమ్మొద్దని చెప్తి గద."

"బోణీ గిరాకీ. గంప లేపి, చేత్తోని ఎత్తి, గిదే కావాలన్నడు. చేతులకెళ్లి ఎట్ల గుంజుకుంటనే? ఇయ్యకుంటె మళ్ల రానన్నడు."

"ఇచ్చినవు గద, వచ్చే ఏడు ఏం చూసి వస్తడు? నీ మొఖం చూసా?"

నర్సింహులు తల గోక్కున్నాడు. "నా మొఖానికి గూడ కండ లేదు."

ఆమె నవ్వలేదు. వెంటనే మహిధర్‌కు ఫోన్ కలిపింది. రేపు మధ్యాహ్నం హోటల్లో దావత్ ఉందని, పొద్దున్నే కోస్తామని అతను చెప్పాడు.

"దానికి బదులు మూడు ఇస్త తమ్మీ. దాన్ని మాత్రం కొయ్యకు."

"మూడా? గంత పరేషాన్ ఎందుకక్కా, అది బాతే గద. సరే, మా వంటాయన కత్తి పట్టేలోపల తే."

ఈ పొద్దున మూడు బాతుల్ని గంపలో పెట్టుకుని, మూత మీద పాత చీర కట్టి, మొదటి బస్సెక్కింది. తాండూరులో రైల్వే గేటు పడింది. ముందు నాపరాళ్ల లారీలు వరసగా ఆగిపోయాయి. అక్కడినుంచే నాకు ఫోన్ చేసి డ్రైవర్‌ను, గేటును, మొగుణ్ని కలిపి తిట్టింది. తను ఎన్నిసార్లు చేసినా మహిధర్ ఫోన్ ఎత్తడం లేదట. గేటు ఇంకా తీయలేదు.