గెలిస్తే సున్నా

అంచనాలు వేయడం నా వృత్తి. డ్రాయింగు చూసి ఒక భవనం ఎంత కాంక్రీటు మింగుతుందో చెప్పగలిగిన నేను, నాకు ఎన్ని శుక్రవారాలు మిగులుతాయో మాత్రం చెప్పలేకపోయాను. చేతిలో పేకముక్కలు బాగా లేకపోవడం వల్ల కాదు, తలలో లెక్క బాగా లేకపోవడం వల్ల. అందుకే దీన్ని ఉద్యోగ జ్ఞాపకాల్లో చేరుస్తున్నాను.

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక వేసవిలో, బహ్రెయిన్‌లోని ఓ నిర్మాణ సంస్థ టెండర్ విభాగంలో సీనియర్ ఎస్టిమేటర్‌గా చేరాను. ఆరుగురికి కలిపి అరాద్‌లో విల్లా ఇచ్చారు. శుక్రవారం మాతోపాటు వంటమనిషికీ సెలవు, కాబట్టి ఆ రోజు వంట మాలో ఒకరి వంతు. భోజనాలయ్యాక రమ్మీ. డబ్బు పెట్టి ఆడడం అక్కడ నేరం గనుక గిన్నెలు పెట్టి ఆడేవాళ్లం. ఓడినవాళ్ల పాయింట్లు గెలిచినవాడికి జమ. చివర్లో ఇరవై పాయింట్లకు ఒక గిన్నె చొప్పున ఓడినవాళ్లు తోమాలి.

అలవాటు కొద్దీ ఎక్సెల్‌లో పట్టిక పెట్టాను. ఒక్కో ఆటకు సగటున రెండు గిన్నెల లాభం కనిపించింది. నా పద్ధతి ఒకటే: ముక్కలు ఎంత అధ్వానంగా ఉన్నా వదలను. నాలుగుసార్లు ఓడినా ఐదోసారి అందరి పాయింట్లూ ఒకేసారి వచ్చి పడేవి. మూడు నెలలు నేను గిన్నె ముట్టలేదు.

అక్టోబరులో మా స్టోర్‌కీపర్ సూరిబాబు, అమలాపురం మనిషి, చలికాలానికి పోటీ పెడదామన్నాడు. ఇది పూల్ ఆట. ఓడినప్పుడల్లా పాయింట్లు మన పేరున పేరుకుంటాయి. రెండు వందల ఒకటి చేరితే ఔట్. మొదట ఔటైనవాడు చలికాలమంతా ప్రతి శుక్రవారం వండాలి. చివరిదాకా నిలిచినవాడు ఏం వండాలో చెబుతాడు. అప్పటికే నేను కర్జకాన్ తీరంలో చేపలు పట్టాలని గాలం కొనుక్కున్నాను. దాని ధర చీటీ కూడా ఇంకా ఊడలేదు. ఆ శుక్రవారాలన్నీ నాకు కావాలి.

గెలుపు నాదేనంది నా పట్టిక. ధైర్యంగా కూర్చున్నాను.

మొదటి ఆటలో అతుకుల్లేని ముక్కలు. అయినా వదలలేదు. ఎనభై పడింది. షట్టరింగ్ ఫోర్‌మన్ రాజన్న, జగిత్యాల మనిషి, ముక్కలు చూసిన వెంటనే డ్రాప్ చెప్పి, ఆ ఆట ఆడకుండానే పాతిక పాయింట్లతో బయటపడ్డాడు. రెండో ఆట నేను గెలిచాను. ఎంత జమైందో చూద్దామని కాగితం వంక తిరిగాను. నా పేరు కింద సూరిబాబు సున్నా చుట్టాడు.

"గెలిస్తే సున్ననే సార్," అన్నాడు రాజన్న. "ఇండ్ల జమ గావుడు లేదు. ముందల పడ్డ ఎనభై గట్లనే ఉంటది."

ఆ మాటకు అక్కడే ఆగి ఆలోచించాల్సింది. నేను షీటును నమ్మాను. మూడో ఆటలో నలభై ఆరు. నాలుగో ఆటలో రాజన్న షో కొట్టాడు, నాకు మళ్లీ ఎనభై.

"ఆయ్, రెండొందల ఆరండి. మొదటి బోణీ మీదే, గురువు గారూ," అన్నాడు సూరిబాబు, ఏప్రాన్ అందిస్తూ.

చివరిదాకా నిలిచింది రాజన్న. ప్రతి శుక్రవారం చేపల పులుసే కావాలన్నాడు. పైగా, "మీ గాలం ఖాళీగనే ఉన్నది గద సార్, ఇయ్యరాదుండ్రి," అన్నాడు. ఇచ్చాను. పదమూడు ముక్కలు పట్టిన చేతులతో చలికాలమంతా చేప ముక్కలు కోశాను. నా గాలంతోనే పట్టిన చిట్టి చేపలను రాజన్న సంచీలో తెచ్చి సింకులో పోసేవాడు. "గింత చిన్నయే పడ్డయి సార్. జర ఓపికతోని తోమున్రి."

తోముతూ ఆలోచించాను. పాయింట్ల ఆటలో ప్రతి పంపకం విడిగా తేలిపోతుంది. ఈసారి పోయింది మరోసారి వస్తుంది. పూల్ ఆటలో గెలుపు ఆదాయం కాదు, ఆ పూటకు ఖర్చు తప్పడం మాత్రమే. ఒకదాని సగటు తీసుకెళ్లి రెండోదానికి అతికించాను. ఆఫీసులోనూ మేం అదే చేస్తున్నాం. చిల్లర మరమ్మతు పనులు పాయింట్ల ఆట. పెద్ద టెండర్లు పూల్ ఆట: ఒక్కో టెండరు తయారీకి ముగ్గురు ఇంజనీర్ల మూడు వారాలు పోతాయి, రాకపోతే ఆ వారాలు తిరిగి రావు. సఖీర్‌లో ఓ భవనానికి సగం డ్రాయింగులతో టెండరు పిలిస్తే, దీన్ని డ్రాప్ చేద్దామని మేనేజరుకు నోట్ పెట్టాను. ఆయన ఒప్పుకున్నాడు. అలా ఆదా అయిన మనుషులతో మరుసటి నెల వేసిన టెండరు మాకు వచ్చింది. అప్పటినుంచి ఏ అంచనాకైనా ముందు ఇది ఏ ఆట అని అడగడం నేర్చుకున్నాను.

మరుసటి అక్టోబరులో మళ్లీ పోటీ. నేను డ్రాప్ మీద డ్రాప్ చెప్పాను. "ఆడనీకొచ్చిన్రా సార్, చూడనీకొచ్చిన్రా?" అని రాజన్న ఎగతాళి. నిరుటి గెలుపు ఆయనకు నా జబ్బు అంటించింది. ఒక్క ఆటా వదల్లేదు. మొదట ఔటయ్యాడు. సూరిబాబు గెలిచి, చేపల పులుసే కావాలన్నాడు. నేను రెండోవాణ్ని, నాకు దక్కినవి శుక్రవారాలు, నా గాలం.

మొదటి శుక్రవారం కర్జకాన్‌లో నాలుగు గంటలు కూర్చున్నాను. గాలానికి నాచు తప్ప ఏమీ తగల్లేదు. తిరుగుదారిలో ముహర్రఖ్ చేపల మార్కెట్లో ఆగి, సాఫీ అనే చేపలు కొన్నాను. పేరుకే సాఫీ, రెక్కల నిండా ముళ్లు. వాటిలోనూ చిన్నవి ఏరించి, రెండు కిలోలు తెచ్చి సింకులో పోశాను.

రాజన్న నోరు తెరిచాడు. "గివన్ని మీ గాలానికే పడ్డయా సార్?"

"అంచనా కన్నా ఎక్కువే," అన్నాను. "కాస్త ఓపిగ్గా తోము రాజన్నా."