మామ్మ ఓడిపోయిన వావిలి కేసు

మా చిన్నప్పుడు, చోడవరంలో మా పెరట్లో ఒక కోర్టు జరిగింది... జడ్జిని నేనే. వయసు పదకొండు. అర్హత: క్లాసులో సైన్సుకి ఫస్టు మార్కు.

కేసు ఏమిటంటే... గోడ వారన మామ్మ పెంచుకునే పొద ఒకటుండేది. పూడిమడక సముద్రపొడ్డు నుంచి కాపరానికి వస్తూ తెచ్చుకున్న కొమ్మట. నీలం పువ్వులు పూసేది. మోకాళ్ళు సలిపితే ఆ ఆకులే మరిగించి కాపడం పెట్టుకునేది. సరిగ్గా ఆ పొద ఉన్నచోటే మా నాన్న కొత్త బండికి రేకుల షెడ్డు వేద్దామనుకున్నాడు.

"వావిలే కదమ్మా! సెరకు తోట గట్టు మీద బోలెడుంది. ఎంత కావాలంటే అంత కోసుకొస్తాను," అన్నాడు నాన్న.

"అది గట్టు వావిలిరా. ఇది నీరువావిలి. దీని పుట్టిల్లూ నా పుట్టిల్లూ ఒకటే. దానికి ఐదాకులు, దీనికి మూడాకులు. లెక్కెట్టి సూడు."

"నాకేటి తెలుసు... మన సైంటిస్టుని అడుగుదాం. ఒరే, నువ్వు సెప్పు."

మామ్మ కూడా ఒప్పేసుకుంది. "ఆడు సెప్పిందే కాయం. సదువుకుంటన్న గుంటడు."

ఇక్కడ మీకో మనవి... జడ్జిగారు అప్పటికే అమ్ముడుపోయారు. కొత్త బండి మీద మొదటి రౌండు నాదేనని నాన్న మాటిచ్చేశాడు.

గట్టుకి వెళ్ళేను. మామ్మ చెప్పింది నిజమే... ఎక్కడ చూసినా ఐదేసి ఆకులే. అయినా వదల్లేదు. అరగంట వెతికితే ఒక కొమ్మ చివర మూడాకుల రెమ్మ ఒక్కటి దొరికింది. గట్టు వావిలి అప్పుడప్పుడు అలా కూడా వేస్తుంది. ఆ ఒక్కటే తుంపుకొచ్చి, నాన్న తువ్వాలు భుజాన వేసుకుని, గొంతు సవరించుకుని తీర్పు చదివేను.

"ఇదిగో గట్టుది, మూడాకులు. ఇదిగో పెరటిది, మూడాకులు. కాబట్టి రెండూ ఒకటే మొక్కని, మామ్మ వాదనలో పస లేదని, కేసు కొట్టేయడమైనది!"

ఇల్లంతా నవ్వింది. మామ్మ నా చేతిలో రెమ్మ తీసుకుని చూసి, తనూ నవ్వింది. "సరే బాబూ, నువ్వే గెలిసేవు."

మర్నాడు పొద కొట్టేశారు. షెడ్డు పడింది, బండి వచ్చింది, మొదటి రౌండు వడ్డాది దాకా వెళ్ళొచ్చేం. ఆ రోజు నాకు మహా సంతోషంగా ఉందని కూడా ఒప్పుకోవాలి.

ఆ తర్వాత అమ్మ గట్టు ఆకే మరిగించి ఇచ్చేది. "ఎలా ఉందత్తా?" అంటే "బానే ఉందమ్మా" అనేది మామ్మ. ఒక్కసారి మాత్రం నాతో అంది... "నీళ్ళు బానే ఉన్నాయి గానీ బాబూ, మా ఊరి వాసన రాట్లేదు."

"ఉప్పు కలుపుకో మామ్మా, సముద్రమే వచ్చేస్తుంది!" అన్నాను.

దానికీ నవ్వింది...

డిగ్రీలో బోటనీ తీసుకున్నాను. ఒకరోజు ల్యాబులో మేడం రెండు వావిళ్ళూ బల్ల మీద పెట్టి అన్నారు... "ఆకుల లెక్కని నమ్మకండి, ఒక్కోసారి మోసం చేస్తుంది. నడిమి ఆకు మొదలు చూడండి. సన్నటి కాడ ఉంటే గట్టుది. కాడ లేకుండా అతుక్కుని ఉంటే సముద్రపొడ్డుది."

గట్టు రెమ్మ తీసి తిప్పి చూశాను, అప్పుడు గుర్తొచ్చింది... ఆ రోజు మామ్మ నేను తెచ్చిన రెమ్మని తిప్పి, సరిగ్గా నడిమి ఆకు మొదట్లోనే బొటనవేలితో తడిమింది. ఆ తర్వాతే నవ్వింది. అంటే తెలుసు... మనవడు దొంగ సాక్ష్యం తెచ్చేడని తెలిసే, నలుగురిలో నా పరువు తియ్యలేక, తన పొద వదిలేసుకుంది.

తప్పయిపోయిందని చెబుదామంటే మామ్మ లేదు. అంతకు రెండేళ్ళ ముందే పోయింది.

ఇప్పుడు ఆకుకి ఫోను చూపిస్తే చాలు, కులగోత్రాలతో సహా చెప్పేస్తోంది. మంచిదే... కానీ మన అబద్ధం పట్టేసుకుని కూడా, మన మొహం చూసి ఊరుకునే మనుషులే కరువైపోయారు.

మీ ఇంట్లోనూ అలా తెలిసి తెలిసి ఓడిపోయినవాళ్ళుంటారు. వాళ్ళ కథ కింద రాయండి, చదువుతాను... వాళ్ళింకా ఉంటే మాత్రం, ముందు వెళ్ళి వాళ్ళకి చెప్పండి.