ముద్దనూరులో ఐదు నిమిషాలు

కెరోలిన్ ప్రొద్దుటూరు డిపోలో కండక్టరుగా చేరి పదకొండేళ్లయింది. జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే బస్సు ఆమెది. గొంతు పెద్దది, చేయి చురుకు. ఎంత రద్దీలోనైనా రెండు స్టాపుల లోపల అందరికీ టికెట్లు కొట్టేసేది. అలాంటి మనిషికి రెండేళ్లుగా బస్సు ముద్దనూరు దాటిందంటే చాలు, చెమటలు పట్టేవి. అక్కణ్ణుంచి పులివెందుల బస్టాండు దాకా గంటకు దగ్గర దారి. దిగి పోదామంటే చేలూ గుట్టలూ తప్ప చాటు లేదు.

కడుపులో మెలిపెట్టేది. ఉన్నట్టుండి పోవాల్సి వచ్చేది. ఒక్కోసారి నాలుగు రోజులు అసలు కదిలేది కాదు, పొట్ట డప్పులా ఉబ్బేది. మందుల అంగట్లో అడిగి బిళ్లలు మింగింది, వాము నీళ్లు తాగింది. చివరికి డ్యూటీ రోజున తిండే మానేసింది. ఖాళీ కడుపుతో నాలుగు టీలు తాగి నెట్టుకొచ్చేది.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఆ రద్దీలోనే ఒక పొద్దున తొండూరు ఇవతల ఆమె ఈల వేసి బస్సు నిలిపించింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా దిగి తుమ్మచెట్ల వెనక్కి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి ఒకాయన గడియారం చూపిస్తూ నిలబడి ఉన్నాడు. ఆయనకు కోర్టు వాయిదా ఉంది. మరుసటి రోజుకు డిపోకు ఫిర్యాదు చేరింది.

"ఎందుకు నిలిపినారో రాసియ్యండమ్మా. ఫిర్యాదు వచ్చినాక నేను అడగకుండా ఉండలేను" అన్నాడు మేనేజరు మర్యాదగానే.

కాగితం మీద ఆ మాట రాయడానికి ఆమెకు చేయి రాలేదు. 'తల తిరిగింది' అని రాసి సంతకం పెట్టింది.

ఆ వారమే భర్త జీవన్ కుమార్ ఆమెను డాక్టరు ఆయేషా దగ్గరికి తీసుకుపోయాడు. రక్తపరీక్ష, స్కానింగు, గొట్టం వేసి పేగు చూడటం, అన్నీ అయ్యాయి. అన్నీ నార్మల్. ఆ మాట వినగానే కెరోలిన్‌కు ఊరట కలగలేదు, కోపం వచ్చింది.

"అంటే నేను నాటకాలు ఆడతాండానా మేడం?"

"అట్లని నేను అన్లేదు" అంది డాక్టరు. "పేగు బాగుంది, దాని నడక బాగాలేదు. దీన్ని ఐబీఎస్ అంటారు. ప్రాణానికి భయం లేదు, కానీ బాధ నిజమే. నీకు ఏ తిండి పడదో ఏ పరీక్షా చెప్పదు. నువ్వే కనుక్కోవాల."

పద్ధతి చెప్పింది. ఆరు వారాలు ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, అంటే ఉల్లీ వెల్లుల్లీ, గోధుమ, పాలు, శనగలు, మామిడిపండు పూర్తిగా బంద్. ఆ తర్వాత ఒక్కొక్కటే, మూడేసి రోజులు తిని చూడాలి. రోజూ తిన్నదీ, కడుపు తీరూ నోటుబుక్కులో రాయాలి. టీ ఒకటికి మించకూడదు. వేళకు కూర్చుని, నమిలి తినాలి. ఖాళీ కడుపుతో బస్సెక్కకూడదు.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేకుండా ప్రొద్దుటూరులో తినేదేముంది? దోసె మీద పూసే ఎర్రకారంలో అవే, చెనిక్కాయల పచ్చడి ఊరిమిండిలో అవే. ఇంట్లో వంట అత్త దీవెనమ్మది. ఆమె జాబితా అంతా విని గరిటె కింద పెట్టింది.

"నలభై ఏండ్లు ఈ చేత్తోనే వండినా. నా కూడు తిని చెడిపోయినోళ్లు యాడా లేరు."

"నీ కూడు చెడ్డదని కాదత్తా. నా కడుపు చెడ్డది."

దీవెనమ్మ గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుంది. పోపులో ఇంగువ మాత్రం వేసి వేరే గిన్నెలో చారు కాచడం మొదలుపెట్టింది. సంగటి, కోడిగుడ్డు, బీరకాయ కూర, అన్నం. తినడానికి చప్పగా ఉన్నా, రెండో వారానికి మెలిపెట్టడం తగ్గింది. మూడో వారమంతా నోటుబుక్కులో 'బాగుంది' అనే రాసింది. ముద్దనూరు దాటాక కిటికీలోంచి బయటికి చూడగలిగింది.

నాలుగో వారం మంగళవారం, అదే దారిలో, నొప్పి మళ్లీ మొదలైంది. మొదట సన్నగా, తర్వాత కత్తితో కోసినట్టు. బస్సులో ఎనభై మంది. ఒక ముసలామె స్టాపు పేరు రెండుసార్లు చెప్పినా చెవికెక్కలేదు. కమ్మీ పట్టుకుని పళ్లు బిగించి నిలబడింది. ఇంకో కిలోమీటరు, ఇంకొకటి. డ్రైవరు మహబూబ్ బాషా అద్దంలో ఆమె ముఖం చూశాడు. రోడ్డు పక్కన పెట్రోలు బంకు కనబడగానే బస్సు లోపలికి తిప్పాడు.

"వెనక టైరు చూడాల. ఎవురూ దిగొద్దండి" అన్నాడు గట్టిగా.

బంకులో మరుగుదొడ్డి తలుపుకు తాళం. తాళంచెవి తెచ్చేవరకూ ఆమె గోడకు నుదురు ఆనించి నిలబడింది. తిరిగి వచ్చేసరికి బాషా ఇంకా వంగి ఆ టైరునే తడుముతున్నాడు.

బుధవారమూ అంతే. గురువారం సెలవు పెట్టింది. సాయంత్రం నోటుబుక్కు తీసి భర్త ముందు పడేసింది.

"ఇదంతా ఉత్తదే. నేను ఉద్యోగం మానుకుంటా."

"ఏమన్నా మార్చి తిన్యావా?" అన్నాడు జీవన్.

"ఒక్క మెతుకు మార్చలేదు. రాసింది చూడు."

వంటింటి గడపలో నిలబడిన దీవెనమ్మ ముఖం పాలిపోయింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది: "సోమారం నుంచి చార్లో తెల్లగడ్డ నలిపి వేస్తాండా. తెలీకుండా వడగట్టి ఇచ్చినా. తెల్లగడ్డ వాయువుకు మంచిది గదా. సగమై పోతాంటివి, చూల్లేక."

కెరోలిన్ నోటుబుక్కు మళ్లీ చేతిలోకి తీసుకుని సోమవారం పేజీ తిప్పింది.

"పిప్పి తీసేసినావు, సారం యాడికి పోతాది?" కెరోలిన్ గొంతు పైకి లేవలేదు. అదే దీవెనమ్మను ఎక్కువ భయపెట్టింది. "ఎనభై మంది నడుమ నేను ఎట్ల నిలబడినానో నీకు తెలుసా అత్తా?"

ఆ రాత్రి అత్త తినలేదు. కోడలు పిలవలేదు.

డాక్టరు మాత్రం సంగతంతా విని నోటుబుక్కును మళ్లీ మళ్లీ చూసింది. "చెప్పకుండా పెట్టడం తప్పే. కానీ ఒకటి తేలింది. తిన్నట్టు నీకు తెలీకుండానే కడుపు తిరగబడింది. ఇది వట్టి భయం కాదు. నువ్వు ఊహించుకునిందీ కాదు."

రెండేళ్లలో ఆ మాట ఆమెతో అన్నది ఆవిడొక్కతే. కెరోలిన్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మరుసటి రోజు నేరుగా మేనేజరు గదికి పోయింది. ఈసారి కాగితం మీద ఉన్నదున్నట్టు రాసింది: జబ్బు పేరు, డాక్టరు చీటీ, ముద్దనూరు బస్టాండులో ఐదు నిమిషాలు ఆగడానికి అనుమతి. అతను చదువుతుంటే ఆమె గోడ మీద రూట్ల పట్టిక వైపు చూస్తూ నిలబడింది. చెవులు మండాయి.

"ఆ రోజు ఇదే రాసుంటే సరిపోయేది గదమ్మా" అన్నాడు అతను.

"ఆ రోజు రాయలేకపోయినా సార్."

అతను టైములో ఐదు నిమిషాలు కలిపాడు. ఆ రూటులో తిరిగే ఇంకో ఇద్దరు ఆడ కండక్టర్లు ఆమె దగ్గరికి వచ్చి చేయి నొక్కి పోయారు.

నడుమ తెల్లగడ్డ పడింది కాబట్టి ఆరు వారాలూ మళ్లీ మొదటి నుంచి లెక్క. ఆ తర్వాత ఒక్కొక్కటే తిని చూసింది. చపాతీ ఒకటి పడుతుంది, మూడు పడవు. పెరుగు రెండు గరిటెలు ఫరవాలేదు, గ్లాసు పాలు కూడదు. తెల్లగడ్డ జన్మలో వద్దు. ఎర్రగడ్డ కూడా అంతే. ఎర్రగడ్డ కాడల పచ్చభాగం మాత్రం కడుపు ఒప్పుకుంది. పొద్దున్నే అరగంట నడక, పడుకునే వేళ మారకపోవడం కూడా నోటుబుక్కులోకి చేరాయి. జబ్బు పూర్తిగా పోలేదు. నెలకు ఒకటి రెండు రోజులు కారణం లేకుండానే తిప్పుతుంది. కానీ ఇప్పుడు ఆమె ఆకలితో బస్సెక్కదు.

అత్తాకోడళ్ల మాటలు మామూలు కావడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత కొండాపురం కాలనీలో బంధువుల పెళ్లి వచ్చింది. పంక్తిలో కెరోలిన్ తన డబ్బా విప్పగానే పెళ్లికూతురి మేనత్త బిరియానీ గరిటెతో వచ్చి నిలబడింది.

"పెండ్లికొచ్చి ఇంటి కూడు తింటాండావేంది? ఒక్క ముద్దకు ఏం కాదులే."

కెరోలిన్ నోరు తెరిచేలోపే పక్కనుంచి దీవెనమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఏమవుతాదో నేను చూసినా. దానికొద్దు, ఆ ముద్ద నాకెయ్యి."