గరుకు మీద కుంకుమ

మా అక్క ముందు పళ్ళు రెండు హోసూరు రోడ్డు మీద పోయినాయి. బస్సు ఉన్నట్టుండి బ్రేకు వేసింది, ముందు సీటు ఇనప కడ్డీ మూతికి తగిలింది, అంతే. యలహంకలో ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెప్పే టీచరు మా అక్క. తీసి పెట్టుకునే పళ్ళ ప్లేటు చేయించుకుంది. ఒకరోజు పద్యం చెప్తా ఉంటే ఆ ప్లేటు ఊడి ముందు వరసలో పిల్ల పలక మీద పడింది. పిల్లలు నవ్వినారు. నవ్వక ఏం చేస్తారు? అక్క మాత్రం ఆ రోజు నుంచి నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడేది. నేను చూడను పోతే నాతో కూడా అంతే. తర్వాత పొడుగు సెలవు పెట్టేసింది. జూన్‌లో బడి తెరిచేనాటికి పళ్ళు వస్తే క్లాసుకు వస్తాను, లేదంటే రాజీనామా ఇచ్చేస్తాను అని హెడ్మిస్ట్రెస్ మొహం మీదే చెప్పి వచ్చింది. మా అక్క చెప్పిందంటే చెప్పిందే.

నేనప్పుడు బొమ్మనహళ్ళిలో ఒక చిన్న వర్క్‌షాపులో పని చేసేదాన్ని. తొంభైల చివరి సంగతి. మొదట్లో ఎముకల డాక్టర్లకు స్క్రూలు చేసేవాళ్ళం. తర్వాత మా సార్‌కు పళ్ళ మీదికి మనసు పోయింది. టైటానియం కడ్డీని కోసి, మర తీసి, దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్లు చెయ్యాలన్నారు. పోయిన పంటికి అది వేరులాంటిది. ఎముక దాన్ని పట్టుకున్నాక పైన పన్ను కడతారు. లేత్ మీద పనిచేసే పెద్దాయన ఒకాయన వాటిని అద్దం మాదిరి మెరిపించేవాడు. ఆ మెరుపు చూసి మేమంతా మురిసిపోయేవాళ్ళం. ఒకరోజు సార్ వచ్చి, ఈ మెరుపు వద్దు, గరుకు చెయ్యాలి అన్నారు. పెద్దాయనకు తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, టీ కూడా ముట్టలేదు.

నాకు మాత్రం చిటికెలో అర్థమైంది. మా నాయన అనంతపురం పక్క నుంచి వచ్చిన మేస్త్రి. కాంక్రీటు నున్నగా ఉంటే దాని మీద ప్లాస్టరింగ్ నిలవదు. ఉలి, సుత్తి పట్టుకుని గోడంతా గంట్లు కొట్టాలి. చిన్నప్పుడు ఆదివారాలు నేనూ అక్కా కూర్చుని కొట్టినవాళ్ళమే. ఆ మాటే సార్‌తో అంటే, ఎముక కూడా అంతేనమ్మా అన్నారు. నున్నటి లోహం పక్కకు ఎముక వస్తుంది, ఆనుకుంటుంది, కానీ పట్టు రావడానికి చాలాకాలం పడుతుంది. గరుకుగా ఉంటే ఆ గుంటల్లో రక్తం దిగి గడ్డ కడుతుంది, ఆ గడ్డను పట్టుకుని ఎముక లోపలిదాకా పాకి బిగుసుకుంటుంది. గరుకు చేసే పని నాకే అప్పజెప్పారు.

పని మాటల్లో చెప్పుకుంటే ఇంతే. ముందు గాజు తలుపు పెట్టెలో పెట్టి, గట్టి పొడిని గాలితో విసిరి కొట్టాలి. తర్వాత వేడి యాసిడ్‌లో ముంచాలి. బయటికి తీస్తే మెరుపంతా పోయి బూడిద రంగులో, కళ లేకుండా ఉండేవి. ఆ తర్వాతే అసలు తలనొప్పి. కడగడం. ఒకసారి కాదు, నీళ్ళు మార్చి మార్చి. చివరి నీళ్ళలోంచి ఎత్తినప్పుడు నీటిపొర ఎక్కడా తెగకుండా మొత్తం కప్పుకుని ఉండాలి. ఎక్కడైనా నీళ్ళు పక్కకు జరిగితే అక్కడ జిడ్డు ఉన్నట్టు లెక్క. ఉత్త చేత్తో ముడితే సార్ ఊరుకునేవారు కాదు. 'క్రిములదేముంది, ఆవిరి పెట్టెలో పెడితే చస్తాయి. జిడ్డు చావదు. గరుకు దేన్నయినా పట్టుకుంటుంది, మంచిదా చెడ్డదా అని చూడదు' అనేవారు. రోజూ వినీ వినీ ఆ మాట నాకు నోటికి వచ్చేసింది.

అక్క సంగతి సార్‌కు నేనే చెప్పినాను. ఆయనకు తెలిసిన పళ్ళ డాక్టరమ్మ అక్క నోరు చూసి, సరే పెడదాం అంది. దసరా అయిన నాలుగో రోజు ముహూర్తం. ఆ తర్వాత ఆమె రెండు నెలలు విదేశం పోతోంది. పైదవడ కాబట్టి ఆరు నెలలు ఆగాలి, అంటే ఏప్రిల్‌లో తెరిచి చూస్తే జూన్‌కు పళ్ళు కట్టొచ్చు. లెక్క సరిగ్గా సరిపోయింది, ఒక్క వారం అటూ ఇటూ జరగడానికి లేదు. అక్క కొలతకు రెండు ఇంప్లాంట్లు నా చేతుల మీదే తయారైనాయి. రెండు గాజు సీసాల్లో పెట్టి కుడి, ఎడమ అని చీటీలు అంటించినాను. అంత శ్రద్ధగా నేను నా పెళ్ళి పట్టుచీర కూడా మడవలేదు.

ఆయుధ పూజ వచ్చింది. బెంగళూరులో ఆ రోజు ఏ షాపులోనూ మిషను తిరగదు. లేత్‌కు, డ్రిల్లింగ్ మిషనుకు, కడకు స్క్రూడ్రైవర్లకు కూడా పసుపు కుంకుమ. గుమ్మంలో బూడిద గుమ్మడికాయ కొట్టి, అందరికీ బొరుగులు, పుట్నాలు పంచుతారు. ఎవరి పనిముట్టుకు వాళ్ళు బొట్టు పెట్టుకుంటారు. మా షాపులో ఇంకో ఆనవాయితీ ఉండేది. చేసిన వస్తువు ఒకటి దేవుడి పటం ముందు పెట్టేవాళ్ళం, తిరస్కరించిన ముక్కల్లోంచి. అమ్మేది, ఒంట్లోకి పోయేది ఎవరూ పెట్టేవాళ్ళు కాదు.

నేను అంత భక్తురాలినేం కాదు. అప్పుడు నాకున్నది భయం. అక్క నోట్లోకి పోయేది నా చేతి పని, రేపు ఏమన్నా అయితే ఎవరి మొహం చూడాలి? ఆ భయంలో చేతులు వాటంతట అవే పని చేసినాయి. అల్మారా తీసినాను, ఎడమ అని రాసిన సీసా మూత విప్పినాను, ఇంప్లాంటును అరచేతిలో వేసుకున్నాను. పటం ముందు ఆకు మీద పెట్టి దానికి ఇంత కుంకుమ అంటించినాను. కళ్ళకద్దుకున్నాను. రెండోదానికీ పెడదామనుకుంటూ ఉండగా హారతికి రమ్మని సార్ పిలిచారు. చేతిలో ఉన్నది మళ్ళీ సీసాలో వేసి పోయినాను. కర్పూరం వెలుగుతుంటే అప్పుడు తెలిసింది నేను చేసిందేమిటో.

అందరూ పోయాక మళ్ళీ కడిగినాను. కుంకుమ పోయింది, కంటికి ఎరుపు కనపడలేదు. చివరి నీళ్ళలోంచి ఎత్తితే పొర ఒక పక్క తెగింది. మళ్ళీ కడిగినాను, మళ్ళీ తెగింది. మూడోసారి నిలిచినట్టే అనిపించింది. నిలిచిందా, నిలవాలని నేను అనుకున్నానా, ఈ రోజుకీ చెప్పలేను. కాంక్రీటు పోసే పలకలకు పూసే సెంట్రింగ్ ఆయిల్ అంటిన గోడకు ప్లాస్టరింగ్ చేస్తే ఏమవుతుందో మేస్త్రి కూతురినైన నాకు ఒకరు చెప్పాలా? పెచ్చు పెచ్చుగా ఊడొస్తుంది. అయినా సీసాలో వేసి మూత బిగించినాను.

చెప్పడానికి నాకు నాలుగు రోజులు టైము ఉండింది. మరునాడు సార్ గది దాకా పోయి నిలబడినాను. ఆయన ఫోన్‌లో ఉన్నారు, ఏంటి అన్నట్టు చూశారు. చెప్తే దాన్ని తీసేస్తారు. కొత్త కడ్డీ రావాలి, కొయ్యాలి, ఈలోపు డాక్టరమ్మ విమానం ఎక్కేస్తుంది, అక్క జూన్ పోతుంది. ఇన్ని సాకులు చెప్పుకున్నాను గానీ, నిజం నాకు తెలుసు. సిగ్గు. ఇంత నేర్చుకుని ఏమీ తెలియని దాని మాదిరి చేసినాను అని ఒప్పుకోలేకపోయినాను. టీ తాగుతారా సార్ అని అడిగి వచ్చేసినాను.

రెండూ పెట్టినారు. చిగురు మూసి కుట్లు వేసినారు. ఆ ఆరు నెలలు నేను మనిషిలా లేను. ప్రతి ఆదివారం బొమ్మనహళ్ళి నుంచి యలహంకకు రెండు బస్సులు మారి పోయేదాన్ని. నోరు తెరువు అనేదాన్ని. ఎర్రగా ఉందా, వాచిందా, నొక్కితే నొప్పా. 'ఏమ్మే, డాక్టరమ్మ కంటే ఎక్కువైపోయినావే నువ్వు' అని అక్క ఎగతాళి చేసేది. నొప్పి లేదంటే నమ్మేదాన్ని కాదు, కొంచెం ఉందంటే ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. వర్క్‌షాపులో అందరి మీదా గయ్యిమని లేచేదాన్ని. పెద్దాయన ఒకసారి, ఏమప్పా ఈ పిల్లకు ఏం పట్టుకుంది అన్నాడు, నేను లేననుకుని.

ఏప్రిల్‌లో తెరిచే రోజు డాక్టరమ్మ నన్ను లోపలికి రానిచ్చింది, వర్క్‌షాపు మనిషినని. అక్క కుర్చీలో పడుకుని నా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ చిగురు కోసి, కుడిదాని మీద అద్దం పిడితో తట్టింది. టంగుమని గట్టిగా మోగింది. ఎడమదాని మీద తట్టింది. ఆ చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది. మెత్తగా, మూగబోయినట్టు. మళ్ళీ తట్టింది. పైన ఉన్న చిన్న మూత విప్పబోతే మూతతో పాటు ఇంప్లాంటు కూడా తిరిగింది. చేత్తో పట్టుకుని తిప్పితే బయటికి వచ్చేసింది, నొప్పి కూడా లేదంట. ఆ పక్క ఎముక పలచన, ఒక్కోసారి ఇట్లా అవుతుంది, కొన్ని నెలలాగి మళ్ళీ పెడదాం అని డాక్టరమ్మ అక్కతో చెప్పింది. అక్క నా చెయ్యి వదిలేసి కొంగు వెతుక్కుంది.

మే నెలలో కుడి పన్ను కట్టినారు. ఎడమ పక్క సందు అట్లే ఉండింది. ఆ ఆదివారం నేను పోయేసరికి అక్క రాజీనామా కాగితం రాసి, కాఫీపొడి డబ్బా కింద పెట్టి ఉంది. రెండో పన్ను వచ్చేదాకా ఆగొచ్చు కదా అన్నాను.

"ఏం ఆగేది? నా ఎముకే అంత. మళ్ళీ పెట్టినా నిలవదు. రేపు కుడిది కూడా ఊడుతుంది, పిల్లల ముందర" అంది కొంగు చాటు నుంచి. తర్వాత కొంచెం నవ్వింది. "చిన్నప్పుడు ఉన్న గ్లాసు పాలు నీకే పోస్తాండె అమ్మ. నీ ఎముకలు గట్టిగా ఉంటాయిలే."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టినాను. అక్క ఇంకా చెప్తానే ఉంది. "సరే, నువ్వింత బలవంతం చేస్తాండావు కాబట్టి ఇంకొక్కసారి చూస్తా. కానీ ఒక పని చెయ్యి. ఈసారి దాన్ని దేవుడి దగ్గర పెట్టి, కళ్ళకద్దుకుని తీసుకురా. పోయినసారి మనం ఆ పని చెయ్యలేదు."

ఇంక నా వల్ల కాలేదు. అంతా చెప్పేసినాను. ఆకు, కుంకుమ, మూడుసార్లు కడగడం, నీటిపొర తెగడం, సార్ గది ముందు నిలబడి టీ అడిగి రావడం. దానివల్లే ఊడిందని ఎవరూ గట్టిగా చెప్పలేరక్కా, కానీ నాకు తెలుసు అన్నాను. ఏడ్చినాను కూడా.

అక్క పొయ్యి మీద పప్పు పొంగితే లేచి పోయి మంట తగ్గించి వచ్చింది.

"ఏది? ఎడమదేనా?"

"ఎడమదే."

"కుడిది ముట్టలేదా?"

"ముట్టలేదక్కా."

కుడి పన్నును నాలుకతో ఒకసారి తడుముకుంది. వేలు పెట్టి అటూ ఇటూ ఊపి చూసింది. అది కదల్లేదు. "అంటే నా ఎముక మంచిదే" అంది మెల్లగా, తనలో తను అనుకున్నట్టు. డబ్బా కింది కాగితం తీసి నాలుగు ముక్కలు చేసింది. "జూన్‌లో పోతా. ఒకటో తరగతిలో సగం మందికి ముందు పళ్ళు ఉండవు. వాళ్ళు సిగ్గుపడతాండారా?"

అప్పుడు నా వైపు తిరిగింది. "ఆరు నెల్లు వారం వారం వచ్చి నా నోట్లోకి చూసిపోతాంటివి. ప్రేమనుకుంటి."

ప్రేమే అక్కా అనబోయినాను.

"కొన్నాళ్ళు రావద్దు నువ్వు" అంది. ఒక్కో మాటా స్పష్టంగా, క్లాసులో చెప్పినట్టు చెప్పింది. కొంగు ఒళ్ళోనే ఉండింది, నోటికి అడ్డం పెట్టుకోలేదు.