తడిసినదాన్ని తడిగానే తెమ్మన్న బావ

మా పెద్ద బావ పోయాడని కొత్తగూడెం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను భద్రాచలంలో, నా స్టూడియోలో, ఒక కొత్త జంటను తలలు కాస్త దగ్గరికి జరపమని బతిమాలుతున్నాను. మాట్లాడింది మేనల్లుడు. "నాయిన పొద్దున ఆరింటికి పోయిండు మామా" అన్నాడు. ఫోను పెట్టేసి, లోపలికి వెళ్లి, ఆ జంట ఫొటో తీసి, అప్పుడు షట్టరు దించాను. పని సగంలో వదిలేసి వస్తే పోయిన మనిషి కూడా లేచి తిట్టేవాడు.

పదకొండో రోజున జిల్లా ఫొటోగ్రాఫర్లంతా సంతాప సభ పెట్టారు. సత్తుపల్లిలో స్టూడియో ఉన్న ఒకాయన మైకు పట్టుకుని, కీర్తిశేషులు గొప్ప శాంతమూర్తి, జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పల్లెత్తు మాట అనని రోజు బావకు ఒంట్లో బాగాలేదని అర్థం. పైగా ఆ మాట్లాడుతున్నాయనే బావ చేత అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నాడు. చచ్చినవాణ్ని మంచివాడంటే తప్పులేదు కానీ, ఆయన జీవితమంతా దేనితో బతికాడో దాన్నే తీసి పారేస్తారా? అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బావ బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టరు. గేజీలు, మీటర్లు బాగుచేయడం ఉద్యోగం. కెమెరాలు ఆయనకు ఎవరూ నేర్పలేదు, విప్పి విప్పి తనే నేర్చుకున్నాడు. షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, గోళ్ల సందుల్లో నలుపు పోయేదాకా బ్రష్షుతో తోముకుని గానీ కెమెరా ముట్టేవాడు కాదు. విప్పిన మరలన్నీ మా అక్క ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా పెట్టేవాడు. ఇడ్లీలు వేయాలంటే అక్క రెండు రోజుల ముందే చెప్పుకోవాలి. ఆ గదిలో ఎవరైనా చాప దులిపితే ఇక వాళ్ల పని అయిపోయినట్టే.

మా వైపు కెమెరాలకు నీటిగండం ఎక్కువ. పెళ్లికి పోవాలంటే వాగు దాటాలి, జాతరకు పోవాలంటే పడవ ఎక్కాలి. తడిసిన కెమెరాను చూడగానే మనవాళ్లకు తోచేది ఒక్కటే, ఎండబెట్టడం. మిరపకాయలతో పాటు డాబా మీద ఆరబోసేవాడొకడు, బియ్యం డ్రమ్ములో పాతిపెట్టేవాడొకడు. బావ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. గోదావరి నీళ్లలో ఒండ్రు ఉంటుంది, పైన ఆరేసరికి లోపల అది గట్టిపడి, ఇనుముకు తుప్పు పట్టి, ఏ మరా కదలదు. కాబట్టి పడ్డ కెమెరాను వెంటనే మంచినీళ్ల బకెట్లో ముంచి, ఆ నీళ్లతోనే తన దగ్గరికి తెమ్మనేవాడు. "ఎండవెట్టుడంటే బొందవెట్టుడే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి పంపేవాడు.

సభలో బావను శాంతమూర్తి అన్నాయన సంగతి చెబుతాను. వాళ్లది వేంసూరు దగ్గర పొగాకు పండించే కుటుంబం. ఒక చలికాలం కెమెరా కాలవలో పడితే, పొగాకును వేడికి ఆరబెట్టే కొట్టం, బ్యారన్‌లో ఆకు కాలుతున్న రోజులు కదా అని, కర్రలకు ఆకు కట్టినట్టే కెమెరాను కూడా కట్టి వేలాడదీశాడు. మూడు రోజులకు దింపితే కెమెరా మీది తోలు ఊడి చుట్టుకుపోయింది, లెన్సు లోపలి జిగురు కరిగి తేనెరంగుకొచ్చింది. బావ దాన్ని వాసన చూసి, "మంచిగ పండింది. వేలంపాటకు తీస్కపో, గ్రేడు వేస్తరు" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు అన్న మాటలు ఇక్కడ రాయలేను. కానీ ఆ కెమెరాను ఆయన వదల్లేదు. మూడు నెలలు కూర్చుని బాగుచేశాడు, తిడుతూనే బాగుచేశాడు.

ఎనభైల్లో గోదావరి పెద్ద వరద వచ్చింది. భద్రాచలానికి దిగువన, ఒడ్డు మీద ఒక చిన్న గూడెం ఉండేది. అక్కడి పెద్దలు నీళ్లలో నడిచి నా దగ్గరికి వచ్చారు. మునిగిన ఊళ్లకు గుట్ట మీద ఇళ్ల స్థలాలు ఇస్తారట, తమ గూడెం దాకా ఏ అధికారీ రాలేదు, ఫొటో ఉంటే నమ్ముతారేమో అన్నారు. నాటు పడవలో వెళ్లాను. కప్పులు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి, ఒక కప్పు మీద మేకలు, ఒక కప్పు మీద ముగ్గురు పిల్లలు. రీలు మొత్తం తీశాను. తిరిగి వస్తుంటే ఇంకా ఇళ్ల మధ్యనే పడవ ఒరిగి, నేనూ నా సంచీ నీళ్లలో పడ్డాం.

బావ మాట గుర్తుంది కాబట్టి కెమెరాను రీలుతో సహా పాలక్యానులో మంచినీళ్లు పోసి ముంచాను. దారి తెరిచాక మొదటి బస్సులో ఆ క్యాను ఒళ్లో పెట్టుకుని కొత్తగూడెం పోతుంటే, కెమెరాకు ఈత నేర్పుతున్నావా అని జనం నవ్వారు. బావ షిఫ్టుకు నాగా పెట్టి, స్నానాలగది కిటికీకి దుప్పట్లు కట్టి లోపలికి వెళ్లాడు. చీకట్లో, నీళ్లలోనే, వేళ్లతో తడుముకుంటూ అతుక్కున్న ఫిల్మును విప్పి, అక్కడే డెవలప్ చేశాడు. బయటికి వచ్చి, "ముప్పై ఆరుల పదకొండు బతికినయ్. మిగతా వాటికి నువ్వే జవాబు చెప్పాలె. సంచి మూతి కట్టకుండ ఎవడన్న పడవెక్కుతడా?" అన్నాడు.

ఆ పదకొండు ఫొటోలు తీసుకుని, గూడెం పెద్దలతో కలిసి మునిగిన ఊళ్ల జాబితా రాసే ఆఫీసుకు వెళ్లాం. కెమెరా ఇంకా నీళ్లలోనే ఉంది, బావ ఆ క్యానును వెంట తెచ్చాడు. ఎందుకని నేను అడగలేదు. అక్కడి జాబితాలో గూడెం పేరు ఎదుట, నీళ్లు ఊరి అంచు దాకా వచ్చి వెనక్కి తీశాయి, మునగలేదు అని రాసి ఉంది. అక్కడి అధికారి సారు ఫొటోలు తిప్పి చూశాడు. వాటి మీద మరకలున్న మాట నిజమే. ఇందులో వరద నీళ్లేవో మీ కెమెరాలో దూరిన నీళ్లేవో ఎట్లా తేల్చేది, మంచి కాపీ పట్రండి అన్నాడు. కప్పు మీది పిల్లలు ఆయన చేతిలోనే ఉన్నారు. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నాకు పళ్లు నూరాలనిపిస్తుంది.

"మంచి కాపీ కావాల్నంటే గోదారిని ఇంకోసారి పిలువాలె సారూ" అన్నాడు బావ.

బయటికి పొమ్మన్నారు. బావ గది బయట వరండాలోనే తువ్వాలు పరిచాడు. ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీ ప్లేటు తీశాడు. కెమెరాను క్యానులోంచి తీసి, అంతమంది నడిచే దుమ్ములో విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ముక్కనూ ఎండలో పెట్టాడు. నాకు మతి పోయింది, బావా ఏం చేస్తున్నవ్ అన్నాను. ఒండ్రు తడిగా ఉంటే కనిపించదు, ఆరితేనే పైకి తేలుతుంది అన్నాడు. మధ్యాహ్నానికి షట్టరు తెర మీద, పళ్లచక్రాల సందుల్లో, లెన్సు అంచున బూడిదరంగు మట్టి పొరలు కట్టింది. పని మీద వచ్చినవాళ్లంతా చుట్టూ చేరారు. ఇది ఏ గూడెం నడింట్లోని మట్టో, ఆ గూడెం ఎదుట మీ కాగితం ఏమంటున్నదో బావ గొంతెత్తి ప్రతి ఒక్కరికీ చెప్పాడు. మర్నాడు కూడా అదే పని. రెండో రోజు సాయంత్రం ఆ సారు బయటికి వచ్చి, ప్లేటులోకి చూసి, పొద్దున జీపు పంపిస్తానన్నాడు.

జీపు పోయింది. గోడల మీద నిలువెత్తు మట్టిగీత చూసి వచ్చి జాబితా దిద్దారు. పై ఎండాకాలానికి గుట్ట మీద స్థలాలు వచ్చాయి. తర్వాత అదే ఆఫీసు వాళ్లు పెట్టిన వరద ప్రదర్శనలో మా పదకొండు ఫొటోలూ ఉన్నాయి, కింద తీసినవాడి పేరూ లేదు, బతికించినవాడి పేరూ లేదు. అది చూసి నేను రగిలిపోతుంటే, బావ మాత్రం ఫ్రేములు వంకరగా తగిలించారని తిట్టాడు.

కెమెరా మళ్లీ పనిచేయలేదు. ఆ ఆఫీసు నుంచి తిరుగు బస్సులో బావ దాన్ని తువ్వాలలో మూటగట్టి నా చేతికిచ్చి, కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "నీ కెమెరాను నేనే చంపిన బామ్మర్దీ. తిట్టాలనుంటే తిట్టు." ఆయన నన్ను తిట్టమన్నది ఆ ఒక్కసారే. మూట ముడి ఇంకాస్త బిగించాను. నా బతుకుతెరువు అది, ఆయనకు తెలుసు. తన జన్మలో చేయకూడదనుకున్న పని ఏదో అదే, నలుగురి ముందు, తన చేతులతో చేశాడు. అట్లాంటి మనిషిని శాంతమూర్తి అంటే నేను ఒప్పుకోను.

సభ అయిన వారానికి గోదావరి మళ్లీ పెరిగింది. వేరే కెమెరాతో, సంచి మూతి గట్టిగా కట్టుకుని పోయాను. పాత గూడెం ఉన్న చోటంతా ఎర్రటి నీళ్లు. గుట్ట మీద ఇళ్లలో పొయ్యిల పొగ లేస్తోంది. ఒక ముసలావిడ చివరి ఇంటి ముందు నిలబడి, కింద పారుతున్న నదిని చేయి చాపి తన భాషలో తిడుతోంది. ఆ భాష నాకు రాదు. నీళ్లు గుట్ట మొదట్లో తచ్చాడుతున్నాయి. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగి, కొంగు నడుముకు దోపుకుని, మళ్లీ మొదలుపెట్టింది.